1971 యుద్ధ ట్యాంకులు 1/35 స్కేల్‌లో: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో టేబుల్ మీద ప్లాస్టిక్ ట్యాంకులు కట్టుకునేవాణ్ణి కాబట్టి కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నన్ను ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలన్నిటికీ ఇక్కడ జవాబులు రాసి పెడుతున్నాను. నేను ఎక్కువగా పని చేసింది 1971 భారత-పాకిస్తాన్ యుద్ధంలో తూర్పు రంగం మీద, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నేల మీద. అందుకే ఉదాహరణలన్నీ అక్కడివే. జర్మన్ టైగర్ ట్యాంకు కట్టేవాళ్ళకి కూడా జిగురు, రంగు, మట్టి సంగతులు పనికొస్తాయి.

ఇవి పిల్లలాడుకునే బొమ్మలేగా?

కాదు. పిల్లల చేతికిస్తే ఐదు నిమిషాల్లో యాంటెన్నా విరుగుతుంది. మా ఇంట్లో బల్లి కూడా ఒకటి విరిచింది.

1/35 స్కేల్ అంటే ఏంటి? ఈ వింత అంకె ఎక్కడినుంచి వచ్చింది?

అసలు బండి మీద 35 సెంటీమీటర్లు ఉన్నది మన మోడల్ మీద 1 సెంటీమీటరు అవుతుంది. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి దాదాపు 5 సెంటీమీటర్లు ఉంటాడు. టి-55 ట్యాంకు గొట్టం కొసదాకా కొలిస్తే 9 మీటర్లు, మోడల్‌లో 257 మి.మీ. స్కూలు పిల్లల స్కేలు కంటే కాస్త చిన్నది.

ఆ అంకె వెనక పెద్ద లెక్కేమీ లేదు. 1960ల మొదట్లో జపాన్‌లో టామియా కంపెనీ మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు కిట్ చేసింది. లోపల బ్యాటరీలు పట్టాలి కాబట్టి ఆ సైజు పెట్టారు. తర్వాత కొలిచి చూస్తే సుమారు 1/35 అని తేలింది. అది బాగా అమ్ముడుపోవడంతో మిగతా ట్యాంకులూ అదే సైజులో చేస్తూ పోయారు, వేరే కంపెనీలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు సైనికుల బొమ్మలు, తుపాకులు, ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టీలు) అన్నీ ఈ సైజులోనే ఎక్కువగా దొరుకుతాయి. ఇంట్లో చోటు లేకపోతే 1/72 తీసుకోండి. అదీ మంచి స్కేలే, కాకపోతే కళ్ళద్దాలు కావాలి.

చారిత్రకంగా సరైన మోడల్ అంటే ఏంటి? కిట్‌లో ఉన్న కాగితం ప్రకారం కడితే చాలదా?

చాలదు. ఈ పేజీ మొత్తంలో నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: ముందు తేదీ, చోటు నిర్ణయించుకోండి, తర్వాత కిట్ కొనండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. నచ్చిన బాక్స్ కొనేసి, కట్టేసి, రంగు వేసేసి, అప్పుడు "దీన్ని మన ఆర్మీ బండిగా ఎలా చూపించాలి?" అని అడుగుతారు. అప్పటికి చెయ్యగలిగింది నంబరు మార్చడమే.

"టి-55" అనేది ఒక బండి పేరు కాదు, ఒక కుటుంబం పేరు. 1971 డిసెంబరులో ఢాకా దారిలో ఉన్న బండి వేరు, అదే బండి పదిహేనేళ్ళ తర్వాత గొట్టం మార్చుకుని ఎడారిలో నిలబడింది వేరు. ఒక ఫొటో పట్టుకోండి, ఆ ఫొటోలో ఉన్న బండిని కట్టండి.

మరి 1971 నాటి భారత టి-55కి కిట్‌లో లేనిదేంటి?

గొట్టం మధ్యలో ఉండే డ్రమ్ము. ఇది తెలియక ఎంతమంది బోల్తాపడ్డారో లెక్కలేదు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

పాకిస్తాన్ దగ్గర అప్పుడు చైనా తయారుచేసిన టైప్-59 ట్యాంకులున్నాయి. టైప్-59 అంటే సోవియట్ టి-54కి చైనా కాపీ. మన దగ్గరున్నవి టి-54, టి-55. దూరం నుంచి చూస్తే అన్నీ ఒక్కటే: గిన్నె బోర్లించినట్టున్న టరెట్ (గొట్టంతో పాటు తిరిగే పై భాగం), ఐదు చక్రాలు, మొదటి రెండు చక్రాల మధ్య కాస్త ఎక్కువ ఎడం. మనవాడి మీద మనవాడే కాల్చే ప్రమాదం ఉంది. అందుకని మన బండ్లకి గొట్టం నడిమధ్యలో ఒక ఉత్తుత్తి డ్రమ్ము తగిలించారు. పొగ బయటికి లాగే అసలు భాగం టి-55 100 మి.మీ. గొట్టానికి కొసనే ఉంటుంది. మధ్యలోది గుర్తు పట్టడానికి పెట్టిన తొడుగు, అంతే.

ఇక్కడే ఇంకో తికమక. తర్వాతి కాలంలో మన టి-55లకి 105 మి.మీ. గొట్టాలు బిగించారు. వాటికి పొగ లాగే డ్రమ్ము నిజంగానే మధ్యలో ఉంటుంది. ఆ ఫొటో చూసి "ఇదే కదా డ్రమ్ము" అని 105 గొట్టం పెట్టేసేవాళ్ళున్నారు. తేలిగ్గా తేడా పట్టాలంటే గొట్టం కొస చూడండి. కొసనొకటి, మధ్యనొకటి ఉంటే 1971 నాటిది. మధ్యలో మాత్రమే ఉంటే తర్వాతది.

ఆ డ్రమ్ము ఎలా చెయ్యాలి? కొలతలు ఎక్కడ దొరుకుతాయి?

ఫొటోలోనే దొరుకుతాయి. టి-55 చక్రం వ్యాసం 810 మి.మీ., మోడల్‌లో 23 మి.మీ. పైచిలుకు. బండిని పక్కనుంచి తీసిన ఫొటో ఒకటి ప్రింట్ తీసుకుని, అందులో చక్రం ఎన్ని మిల్లీమీటర్లుందో, డ్రమ్ము ఎన్ని మిల్లీమీటర్లుందో కొలవండి. మిగతాది ఏడో క్లాసు త్రైరాశికం. ఫొటో ఏటవాలుగా ఉంటే ఈ లెక్క పనిచెయ్యదు. అప్పుడు నిష్పత్తి కోసం గొట్టం మందాన్నే ఆధారం చేసుకోవాలి.

నేను ఇంకు అయిపోయిన బాల్‌పెన్ గొట్టంతో చేశాను. మోడల్ గొట్టం అందులో దూరేట్టు చూసుకుని, కావలసిన పొడవుకి రంపపు బ్లేడుతో కోసి, రెండు కొసల్నీ 400 నంబరు ఎమరీ పేపర్ మీద గుండ్రంగా రుద్ది సమం చేశాను. బిగుతు చాలక ఊగుతుంటే లోపల ఒక చుట్టు మాస్కింగ్ టేపు చుట్టాను. రెండు వైపులా సందు మూయడానికి ఎం-సీల్‌ని సన్నగా వత్తులా చేసి చుట్టి, తడి వేలితో నున్నగా చేశాను. మొత్తం పని ఒక గంట. కొన్ని బాల్‌పెన్ల ప్లాస్టిక్కుకి మోడల్ జిగురు పట్టదు, ఫెవిక్విక్ వాడాలి.

ఏ కంపెనీ కిట్ తీసుకోవాలి?

మొదటిసారైతే టామియా టి-55ఏ. భాగాలు తక్కువ, అన్నీ సరిగ్గా కూర్చుంటాయి. మినీఆర్ట్ వాళ్ళది లోపలి ఇంజను, గుండ్ల అరలతో సహా వచ్చే కిట్. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ట్రాకు లింకులు ఒక్కోటి అతికించేసరికి విరక్తి వస్తుంది. రెండో ఏడాదికి దాచుకోండి. టకోమ్ వాళ్ళది ఈ రెండింటికీ మధ్యలో.

కిట్ ఏదైనా టరెట్ పైకప్పు ఒకసారి చూడండి. గుండ్లు నింపేవాడి మూత ముందు చిన్న గుండ్రటి గాలి బుడిపె ఉంటే టి-54, లేకపోతే టి-55. మూత మీద 12.7 మి.మీ. మెషిన్‌గన్ ఉందా లేదా అనేది కూడా ఫొటో చూసే తేల్చుకోవాలి. కిట్‌లో ఇచ్చారు కదా అని పెట్టెయ్యొద్దు.

పీటీ-76 సంగతి?

నాకు టి-55 కంటే ఇదే ఇష్టం. 1971లో మనవాళ్ళు వాడిన 14 టన్నుల పల్చటి సోవియట్ ట్యాంకు. నీళ్ళలో పడవలా ఈదుతుంది. నదులు, కాలువలు అల్లుకుపోయిన ఆ నేలకి పుట్టినట్టే ఉంటుంది. ట్రంపెటర్ వాళ్ళు రెండు మూడు రకాలు వేశారు. గొట్టం కొసన ఉండే మూతి చూసి ఎంచుకోవాలి. పాత రకానికి చాలా చీలికలున్న పొడవాటి మూతి ఉంటుంది. తర్వాతి రకానికి రెండు గదుల మూతి, దాని వెనక పొగ డ్రమ్ము ఉంటాయి. ముందు భాగంలో ఒక పలక ఉంటుంది చూడండి, నీళ్ళలో దిగేటప్పుడే దాన్ని పైకి లేపుతారు. పొలంలో నడుస్తున్న బండికి ఆ పలక లేచి ఉంటే తప్పే.

మ్యూజియంలో అసలు ట్యాంకు చూసి రంగు కలుపుకోవచ్చా?

ఆకారానికి వెళ్ళండి, రంగుకి వెళ్ళొద్దు. అహ్మద్‌నగర్‌లో (ఇప్పటి పేరు అహిల్యానగర్) ఆర్మర్డ్ కోర్ వాళ్ళ ట్యాంక్ మ్యూజియం ఉంది. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కితే వెళ్ళి రావచ్చు. చక్రం బోల్టులు, వెల్డింగ్ గీతలు, పనిముట్ల పెట్టెలు, మూతల కీళ్ళు, ఇవన్నీ అక్కడ చూసినంత బాగా ఏ పుస్తకంలోనూ కనిపించవు. అనుమతి ఉన్నచోట ఫొటోలో స్కేలు కనిపించేట్టు పెట్టి తీసుకోండి.

కానీ బయట పెట్టిన ట్యాంకుకి ఎన్నిసార్లు రంగు కొట్టారో ఎవరికి తెలుసు? ఎవరో పెద్దాయన తనిఖీకి వస్తున్నారంటే కొత్త పెయింట్ పడుతుంది. చక్రాల రబ్బరుకి తెల్ల సున్నం గీత కూడా పడుతుంది. మన ఊళ్ళ కూడళ్ళలో పెట్టిన టి-55లదీ అదే కథ. వాటిలో చాలావాటికి ఉన్నది తర్వాత మార్చిన 105 మి.మీ. గొట్టం.

అయితే రంగు ఏది వెయ్యాలి?

ముదురు ఆలివ్ ఆకుపచ్చ. అంతకంటే కచ్చితంగా ఫలానా సీసా నంబరే అని ఎవరైనా బల్లగుద్ది చెబితే నమ్మకండి. ఆనాటి ఫొటోల్లో ఎక్కువ నలుపు తెలుపువి. రంగు ఫొటోలు కూడా యాభై ఏళ్ళుగా వెలిసిపోయినవే. ఒక్క సలహా ఇస్తాను: సీసాలో ఉన్న రంగు కంటే రెండు మెట్లు లేత చెయ్యండి. చిన్న వస్తువు మీద ముదురు రంగు ఇంకా నల్లగా కనిపిస్తుంది. ఆకుపచ్చలో తెలుపు కలిపితే పాలిపోతుంది, కాస్త పసుపు లేదా లేత గోధుమ రంగు కలపండి.

టామియా యాక్రిలిక్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పల్చన చేసుకోవచ్చు. బట్టల మీద వేసే ఫాబ్రిక్ రంగులు మోడల్‌కి వాడొద్దు. పూత మందంగా పడి బోల్టులు పూడిపోతాయి. డయోరమా (బండి చుట్టూ నేల, మనుషులతో కట్టే చిన్న దృశ్యం) నేలకి మాత్రం అవే చవక, అవే మేలు.

జిగురు ఏది?

మోడల్‌కి మోడల్ జిగురే. అది నిజానికి అంటించదు, ప్లాస్టిక్‌ని కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది. పల్చటి రకం తీసుకుని, రెండు భాగాలూ కలిపి పట్టుకుని, సందు దగ్గర బ్రష్ కొస ఆనిస్తే చాలు. దానంతటదే లోపలికి పాకుతుంది. వేలు ఆ సందు మీద ఉంటే వేలిముద్ర శాశ్వతంగా ఉండిపోతుంది, నా రెండు ట్యాంకుల మీద ఆధార్ కార్డులా ఉంది. లోహపు ముక్కలకి, రెజిన్‌కి ఫెవిక్విక్. అద్దాలకి, నేలకి ఫెవికాల్. కిటికీ తెరిచి పెట్టుకోండి, వాసన తలకెక్కుతుంది.

వానాకాలంలో రంగు తెల్లగా పొగ పట్టినట్టు వస్తోంది, ఎందుకు?

గాల్లో తేమ. లాకర్ రకం రంగులు, వార్నిష్‌లు ఎండేటప్పుడు చల్లబడి గాలిలోని తేమని పూత మీదికి లాక్కుంటాయి. జూలైలో, అందులోనూ విశాఖలాంటి చోట, ఇది తప్పదు. నేనొకసారి డెకల్స్ (నంబర్లు, గుర్తుల స్టిక్కర్లు) అన్నీ వేసేసి, ఆఖరి వార్నిష్ ఒక వాన సాయంత్రం కొట్టాను. పొద్దున చూస్తే ట్యాంకు మొత్తం విభూతి పూసినట్టుంది. మర్నాడు ఎండొచ్చాక ఉత్త థిన్నర్ పల్చగా స్ప్రే చేస్తే చాలావరకు పోయింది. ఇప్పుడైతే వానరోజుల్లో కటింగ్, అతికింపులే పెట్టుకుంటాను. స్ప్రే చెయ్యకపోతే ప్రాణం మీదికి వచ్చేదేమీ లేదు.

ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పనిముట్టు) తప్పనిసరా?

కాదు. మొదటి రెండు ట్యాంకులకి బ్రష్ చాలు. పల్చగా మూడు పూతలు వెయ్యండి. మూడో దానికి మీరే కొంటారు.

దుమ్ము, బురద ఎలా వెయ్యాలి? మన మట్టే వాడొచ్చా?

వాడొచ్చు, కానీ ఏ ఊరి మట్టి అన్నది చూసుకోవాలి. నాకు తెలిసినాయన ఒకరు గరీబ్‌పూర్ (ఇప్పటి బంగ్లాదేశ్‌లో జెస్సోర్ దగ్గరి ఊరు) యుద్ధం డయోరమా చేశారు. పని చాలా శుభ్రంగా ఉంది. కానీ నేల అంతా ఎర్రటి చల్క మట్టి. జెస్సోర్ దగ్గర బండి కాస్తా జహీరాబాద్‌లో దిగబడ్డట్టుంది. ఆ ప్రాంతం గంగ డెల్టా, అక్కడిది ఒండ్రు. తడిగా ఉంటే బూడిద కలిసిన గోధుమ రంగు, ఎండితే ఇంకా తేట. మన దగ్గర దానికి దగ్గరగా ఉండేది గోదావరి లంకల మట్టి. మా బావ రాజమండ్రి నుంచి ఒక హార్లిక్స్ సీసాడు తెచ్చిపెట్టాడు, నాలుగేళ్ళు వచ్చింది.

మట్టిని ముందు పెనం మీద వేయించాలి, లేకపోతే పురుగులు, బూజు వస్తాయి. తర్వాత పల్చటి నూలుగుడ్డలో వడకట్టాలి. మన కంటికి ఇసుక రేణువులా ఉన్నది 1/35లో గులకరాయి. వడకట్టిన మెత్తటి పొడికి ఫెవికాల్, నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బు, కాస్త గోధుమ రంగు కలిపి పాత బ్రష్‌తో చక్రాల మధ్య కుక్కండి. తడి బురద మెరవాలంటే ఎండాక దాని మీద మాత్రం మెరుపు వార్నిష్ వెయ్యండి.

తుప్పు విషయంలో చెయ్యి కట్టుకోండి. యుద్ధంలో ఉన్న బండి ఒళ్ళంతా ఎర్ర తుప్పు పట్టదు. ట్రాకు నేలకి రాసుకునే చోట వెండిలా మెరుస్తుంది, మిగతా చోట గోధుమ నలుపు. టి-55 పొగ గొట్టం ఎడమ పక్క ఫెండర్ (ట్రాకు పైన ఉండే రేకు) మీద ఉంటుంది, మసి అక్కడే. రెండు వైపులా మసి పూసిన మోడల్స్ చూశాను, పాపం.

ట్రాకులు ఎందుకు బొమ్మ బండికి పెట్టిన రబ్బరు బ్యాండులా కనిపిస్తున్నాయి?

వేలాడకపోవడం వల్ల. టి-55కి, పీటీ-76కి ట్రాకుని పైన మోసే చిన్న చక్రాలు ఉండవు. బరువుకి ట్రాకు కిందికి వాలి పెద్ద చక్రాల మీదే కూర్చుంటుంది. రబ్బరు ట్రాకు కిట్ అయితే చక్రం పైన ఒక చుక్క ఫెవిక్విక్ వేసి, ఎండేదాకా పుల్లతో నొక్కి పట్టుకోండి.

గరీబ్‌పూర్ డయోరమా చెయ్యాలనుంది. పీటీ-76, ఎదురుగా పాకిస్తాన్ చాఫీ ట్యాంకు పెడితే బాగుంటుందా?

బాగుండదు, లెక్క చెబుతాను. 1971 నవంబరు 21 తెల్లవారుజామున 14 పంజాబ్ బెటాలియన్, 45 కావల్రీ అనే ట్యాంకు రెజిమెంట్‌కి చెందిన పీటీ-76 స్క్వాడ్రన్ ఆ ఊరి దగ్గర పాకిస్తాన్ ఎం-24 చాఫీలని ఎదుర్కొన్నాయి. దట్టమైన పొగమంచు, చాలా దగ్గరి పోరాటం. ఎంత దగ్గరైనా 50 మీటర్లు అనుకుందాం. 1/35లో అది దాదాపు 1 మీటరు 43 సెంటీమీటర్లు. మీ డయోరమా చెక్క 40 సెంటీమీటర్లుంటే రెండు ట్యాంకులూ 14 మీటర్ల దూరంలో కొట్టుకుంటున్నట్టు. సంతలో గొడవపడే ఆటోల్లా ఉంటాయి.

ఒక్క పీటీ-76 పెట్టండి. స్క్వాడ్రన్ కమాండర్ మేజర్ దల్జీత్ సింగ్ నారగ్ ఆ పోరులోనే చనిపోయారు, మహావీర చక్ర ఇచ్చారు. ఆ ఉదయాన్ని చూపించడానికి శత్రువు కనపడక్కర్లేదు. మూతలోంచి సగం లేచి, పొగమంచులోకి కళ్ళు చికిలించి చూస్తున్న మనిషి ఒకడు చాలు. పొగమంచు చెయ్యాలని దూది పెట్టొద్దు, దయచేసి. తడిసిన లోహం మెరుపు, తడి గడ్డి, పట్టించుకోకుండా చుట్టిన టార్పాలిన్, వీటితోనే చలి తెలుస్తుంది.

పొలం దగ్గర జాగ్రత్త. నవంబరు అంటే బెంగాల్‌లో అమన్ వరి పండి కోతకొచ్చే కాలం, మన సార్వా కోతల్లాగే. పచ్చటి నారు మడి వేస్తే జులైలో యుద్ధం జరిగినట్టు. పసుపు తిరిగిన చేను, లేదా కోసేసిన మడిలో కొయ్యకాళ్ళు వెయ్యండి. పెయింట్ బ్రష్ కుచ్చు కత్తిరించి 4, 5 మి.మీ. ముక్కలు వరసగా నాటితే సరిగ్గా ఉంటుంది. వరుసలు మరీ తిన్నగా వద్దు, చేత్తో నాటిన చేను అది. గట్ల మీద పొడుగు గడ్డికి కొబ్బరి పీచు, రెల్లుకి కొండ చీపురు.

కిట్‌లో వచ్చే సైనికుల బొమ్మలు వాడొచ్చా?

వాటి ఒళ్ళు వాడుకోవచ్చు, తలలు, తుపాకులు మార్చాలి. సోవియట్ బొమ్మల చేతుల్లో ఏకే రైఫిల్ ఉంటుంది. మన పదాతి దళం అప్పుడు పట్టుకున్నది ఇషాపూర్‌లో తయారైన 7.62 సెల్ఫ్ లోడింగ్ రైఫిల్, పొడవాటిది. మోడల్‌లో 32, 33 మి.మీ. వస్తుంది. బ్రిటిష్ సైనికుల సెట్లలో దాని అన్నదమ్ముడు దొరుకుతుంది. ముక్తి వాహిని (బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడిన దళం) కుర్రాళ్ళని పెడితే లుంగీ, పాత 303 రైఫిల్ బాగా నప్పుతాయి.

తలపాగా చెయ్యడం భయపడేంత కష్టం కాదు. ఎపాక్సీ పుట్టీని సేమ్యా అంత సన్నగా సాగదీసి, నుదుటి మధ్యలో కలిసేట్టు ఒక్కో పొర ఏటవాలుగా వెయ్యాలి. గుండుసూదితో మడతలు గీయాలి. మొదటి నాలుగు గుమ్మడికాయల్లా వచ్చాయి నాకు.

నేల కోసం థర్మకోల్ మీద స్ప్రే రంగు వేస్తే గుంటలు పడ్డాయి.

డబ్బా స్ప్రేల్లోని సాల్వెంట్ థర్మకోల్‌ని తినేస్తుంది. ముందు ఫెవికాల్ కలిపిన మట్టితోనో, పాత న్యూస్‌పేపర్ గుజ్జుతోనో మొత్తం కప్పెయ్యండి, తర్వాత నీటి రంగులే వాడండి. నీళ్ళ గుంట కోసం ఎపాక్సీ రెజిన్ పోస్తే ఒకేసారి పొయ్యొద్దు. రెండు మూడు మి.మీ. చొప్పున, ఒక పొర గట్టిపడ్డాక ఇంకోటి. ఎక్కువ పోస్తే వేడెక్కి పగులుతుంది.

చనిపోయినవాళ్ళని చూపించొచ్చా?

నేను చూపించను. యుద్ధం గురించి తెలిసినవాళ్ళకి ఖాళీగా పడి ఉన్న ఒక హెల్మెట్ చాలు. ఓడిన ట్యాంకు మీద ఎక్కి కేకలేస్తున్న బొమ్మలు కూడా నాకు నచ్చవు. రెండు వైపులా తగలబడ్డ బండ్లలో ఉన్నది ఇరవై ఏళ్ళ పిల్లలే.

మన మెదక్‌లో చేసే బీఎంపీ-2ని (సైనికుల్ని మోసే సాయుధ బండి) 1971 డయోరమాలో పెట్టొచ్చా?

పెట్టకూడదు. ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో "సరథ్" పేరుతో అది మొదలైంది 1980ల్లో. విడిగా కట్టుకోండి, జ్వెజ్దా వాళ్ళ కిట్ చవకలో వస్తుంది. సంగారెడ్డి వైపు వాళ్ళెవరూ దాన్ని ఇంకా సరిగ్గా కట్టకపోవడం నాకు కాస్త ఉక్రోషంగానే ఉంది.

కట్టేశాక తప్పు తెలిసింది. ఏం చెయ్యాలి?

నా మొదటి టి-55కి మధ్య డ్రమ్ము లేదు. వెనక 1971 డిసెంబరు అని పేరు పలక కూడా పెట్టాను. రిటైరైన ఒక ట్యాంకు రెజిమెంట్ ఆయన మా ఇంటికి భోజనానికొచ్చి, అల్మారా ముందు రెండు నిమిషాలు నిలబడి, "బాబూ, నీ బండిని మనవాళ్ళే కాల్చేస్తారు" అన్నారు. గొట్టం విరిచి మళ్ళీ చేద్దామనుకున్నాను గానీ చెయ్యలేదు. పేరు పలక తీసి "టైప్-59 అనుకోండి" అని రాసి పెట్టాను. అది కూడా తప్పేనట, టరెట్ మీద బుడిపె లేదు కదా.